చివరి పది నిమిషాలు

శనివారం, నాగర్‌కర్నూల్

కోపం ఇంకా తగ్గలేదు. ఇవాళ మా కాలేజీ హాల్లో నాకిష్టమైన పాత హాలీవుడ్ సినిమా వేశాను. పిల్లలకు అర్థం కావాలని రెండు నెలలు కూర్చుని, ఒక్కో మాటకూ తెలుగు రాసి తెర కింద వచ్చేలా చేశాను. మొదట్లో "ఏంది మేడమ్, రంగులే లేవు?" అని నవ్వారు. అరగంట తర్వాత ఒక్కరూ కదల్లేదు.

ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా ప్రిన్సిపాల్ సార్ వచ్చి లైట్లు వేయించారు. "పరీక్ష ఫారాలు నింపాలె మేడమ్. సినిమాదేముంది, మల్లెప్పుడన్న చూస్తరు."

పది నిమిషాలు ఆగండి సార్ అని కూడా అనలేకపోయాను. అదే ఎక్కువ మండుతోంది.

హాలు ఊడ్చే బాలమ్మ గుమ్మం దగ్గర నిలబడి అప్పటిదాకా అంతా చూసిందట. ఆమెకు చదువు రాదు. నేను రాసిన తెలుగు ఒక్క ముక్క చదవకుండానే కథంతా పట్టుకుంది. నేను వైర్లు చుడుతుంటే దగ్గరికొచ్చింది.

"మేడమ్, గా పిల్ల ఓడ ఎక్కిందా, లేదా?"

"ఎక్కలేదు బాలమ్మా. ప్రేమించినాయన్ని ఓడెక్కించి, తను ఒడ్డునే నిలబడిపోతది."

"గంతేనా?"

అంతే కాదు. దూరమవుతున్న ఓడను చూస్తూ ఆమె నవ్వబోయి ఆగిపోతుంది. ఆ ఒక్క ముఖం కోసమే పదేళ్లుగా ఆ సినిమా చూస్తున్నాను. చెబుదామని నోరు తెరిచాను. చేతిలోని వైరు ఇంకో చుట్టు చుట్టాను.

"గంతే," అన్నాను.

ఆమె చీపురు తీసుకుని వెళ్లిపోయింది.