వీపున ఉండే జిప్పు

టాస్మేనియా,
జూలై, ఆదివారం సాయంత్రం

సౌభాగ్యవతి మోయిరాకు (ఆ విశేషణం నేటికీ చెల్లుతుంది), నీ భర్త రోడ్రిక్ వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. ఆ మాటను మాత్రం కింది పేరాలతో కలిపి చదువుకోగలవు. మంచుఖండపు వంటశాలలో నీ చేతులు పగలడం తగ్గిందని తలుస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు: పిల్లి తింటోంది. పైకప్పు కారుతూనే ఉంది. శీతాకాలపు పడవ పందేలు ఈ ఏడైనా మానుకున్నామా అన్నావు, లేదు.

క్లబ్బు భద్రతాధికారిగా నా హయాంలో నియమం ఒక్కటే: ఎండను చూసి కాదు, నీళ్లను చూసి బట్టలు వేసుకోవాలి. లోపల ఉన్ని, పైన నీరు చొరని సూటు. దాని జిప్పు వీపున అడ్డంగా ఉంటుంది గనుక పక్కవారు వేసి, గుంజి చూడాలి. ఆ మధ్య నెవిల్ జీన్స్‌తో వచ్చాడు. తడిసిన నూలుబట్ట ఒంటిని కాయదని అందరి ముందూ ప్రకటించి ఇంటికి పంపాను. మరుసటి వారం అతనికి పందెం బదులు రక్షణ పడవలో కాపలా విధించాను.

ఆ రోజు ఒక సభ్యుడికి జిప్పు వేయడానికి నెవిల్ తప్ప ఎవరూ ఖాళీగా లేరు. సభ్యుడు అతన్ని అడగలేదు. పడవల కొట్టం తలుపు గొళ్లేనికి తాడు కట్టి తానే లాక్కున్నాడు. జిప్పు జానెడు ముందే ఆగింది. పైన లైఫ్ జాకెట్ ఉన్నందున లోపం ఎవరికీ కనబడలేదు. జలసంధి నడుమ గాలి తిరిగి పడవ బోల్తా పడింది.

చన్నీళ్లు వీపులోంచి దూరాయి. ఊపిరి ఎగశ్వాసగా లోపలికే పోతుంది, బయటికి రాదు. వేళ్లు పడవ అంచును పట్టుకున్నాయో లేదో కళ్లతో చూసుకోవలసి వచ్చింది. ఇంతటి వివరం సభ్యుడికి తప్ప ఇతరులకు తెలిసే వీలు లేదని నువ్వు గ్రహించే ఉంటావు. ఆ సభ్యుడిని నేనే, మోయిరా.

“ఈదకు! పడవ పట్టుకుని ముందు ఊపిరి తియ్యి!” అని అరుస్తూ నెవిల్ రక్షణ పడవలో వచ్చాడు.

“బానే... ఉన్నా.”

“ఏడ్చావులే. పళ్లు టకటకలాడుతుంటే అబద్ధం కూడా అతకట్లేదు.”

సూటు కాళ్ల నిండా నీరు. అతను లాగితే నేను లేవలేదు. రెండోసారి నా చేయి జారింది. కత్తి తీసి, చీలమండల దగ్గర సూటు కోసి, నీళ్లు వదిలి, పైకి ఈడ్చాడు.

“జీన్స్ తొడిగానని నన్ను తరిమావ్. నువ్వు సముద్రాన్నే తొడుక్కొచ్చావేంటయ్యా, ఆఫీసరూ?”

అధికారి పడవ అడుగున బోర్లా పడి దగ్గుతున్నారు.

ఈ ఉదయం అరువు తెచ్చుకున్న సూటు వేసుకుని, నెవిల్ దగ్గరికి పోయి, వీపు తిప్పి నిలబడ్డాను. తనూ సూటులోనే ఉన్నాడు.

“నోరు పడిపోయిందా? అడుగు.”

“జిప్పు వెయ్యి, నెవిల్.”

చివరిదాకా లాగాడు. గట్టిగా గుంజి చూశాడు. తరువాత నా ముందుకు వచ్చి, తన వీపు తిప్పాడు.

ఇట్లు,
నువ్వు తిరిగి వచ్చేదాకా ఊపిరితో ఉండదలచిన
నీ భర్త,
రోడ్రిక్