క్లచ్ కేబుల్ దొరకలేదు

సిస్టరమ్మకు,

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని విస్తుపోకు. మన ఇల్లు ఎంతదో నీకు తెలుసు. వంటింట్లో నిలబడి గుసగుసగా మాట్లాడినా వసారాలోంచి మీ నాన్నగారి గొంతు వస్తుంది: "ఏంటి, నా గురించేనా?" ఆ చెవులకు చిక్కకుండా నీతో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే కాగితమే దిక్కు. షాపులో, కత్తిరింపు బల్ల మీద, ఎవరిదో ప్యాంటు పక్కకు తోసి రాస్తున్నాను.

ముందుగా నువ్వు కంగారు పడకు. మనిషి బాగున్నాడు. మోకాలు చీరుకుపోయింది, మణికట్టు బెణికింది, అంతే. పోయింది బండి. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు వెనకాల టంగుమని మోగితే గిన్నె పడిందన్నాను చూడు, అది గిన్నె కాదు, రిమ్ము.

ఏం జరిగిందో అడిగితే కుక్క అడ్డం వచ్చిందంటాడు. నాకు చెప్పినప్పుడు గోధుమరంగు కుక్క. పక్కింటావిడకు చెప్పినప్పుడు నల్లది. పాలవాడి దగ్గరకు వచ్చేసరికి రెండు కుక్కలయ్యాయి. "మొదట ఒకటే అన్నారు కదా" అంటే, "నువ్వు చూశావా? చూడనివాడివి ఊరుకో" అన్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి, దాని ఒంటి మీద గీత కూడా పడనివ్వని మనిషి, మన వీధి చివర, పట్టపగలు, ఖాళీ రోడ్డు మీద పడిపోయాడు. ఆ సిగ్గు కుక్కల మీదకు తోస్తున్నాడులే అనుకుని నేనూ వదిలేశాను.

ఇక బండి సంగతి. ముందు ఫోర్కు వంగి కొంగ మెడలా ఉంది. చక్రం గుండ్రంగా లేదు, హెడ్‌లైటు లేనే లేదు, ట్యాంకు మీద నా తల పట్టేంత సొట్ట. క్లచ్ లివర్ విరిగింది, దాని కేబుల్ తెగింది. మెకానిక్కుకు చూపిస్తే చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది రిపేరు కాదండీ, పునర్జన్మ" అన్నాడు. ధర విని సరిగా వినపడలేదేమోనని మళ్లీ అడిగాను. రెండోసారీ అదే చెప్పాడు. నీ హాస్టలు ఫీజు కట్టాక మన దగ్గర మిగిలేదానికీ, ఆయన చెప్పినదానికీ చుట్టరికం కూడా లేదు. పాత ఇనుముకు అమ్మేద్దామన్నాను. మీ నాన్నగారు నా వైపు చూసిన చూపు, నేనేదో మనిషిని తూకానికి వేద్దామన్నట్టు ఉంది.

"మనమే చేద్దాం" అన్నాడు. మనమంటే ఎవరో తెలుసా? ఆయన కుర్చీలో కూర్చుంటాడు, నేను నేల మీద కూర్చుంటాను. "ఒరేయ్ సూదిదారం, పదమూడు నంబరు ఇవ్వు. అది పన్నెండు! కొలతల మీద బతికేవాడివి, అదీ తెలీదా?" ఇదీ వరస. పెళ్లయి ఆరేళ్లవుతున్నా ఆయన నోట నాకు వేరే పేరు రాలేదు. కూర్చుని కుట్టేవాడికి పిల్లనిచ్చానన్న బాధ ఆయనకు ఇంకా అరగలేదు. పైగా ఆ పిల్లను చేసుకున్నవాడికి గేరు బండి నడపడం కూడా రాదాయె!

ఒక్క మాట చెప్పుకుంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వు నర్సు శిక్షణకు వెళ్తూ, "నాన్న ఒక్కడే ఉంటున్నాడు, మన దగ్గరే ఉంచుకుందాం" అన్నావు. అన్నావే గానీ నన్ను అడగలేదు. అడిగినా సరేననేవాణ్ని. కానీ అడిగి ఉంటే బాగుండేది. ఇప్పుడు గోళ్ల సందుల్లో గ్రీజూ, చెవుల నిండా తిట్లూ పోసుకుని కూర్చుంటే ఆ సంగతి మరీ గుర్తొస్తోంది.

నీ
సూదిదారం (ఇప్పుడు వీధంతా ఇలాగే పిలుస్తోంది)

సిస్టరమ్మకు,

నీ ఉత్తరం అందింది. "నిన్ను అడగకుండా నాన్నను నీ మీద రుద్దాను, తప్పే" అని రాశావు. ఆ ఒక్క వాక్యానికి నా సగం కోపం పోయింది. మిగతా సగం నీది కాదు, ఆయనది. దాన్ని ఆయన రోజూ పెంచి పోషిస్తున్నాడు.

ఊళ్లోని పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాం. వేరే బండి ఫోర్కు ఒకటి దొరికింది, దానికి కాస్త పొడవెక్కువ. బండి ఇప్పుడు ముక్కు పైకెత్తి నడిచే అత్తగారిలా ఉంది. రిమ్మును సైకిళ్లు బాగుచేసే పెద్దాయన సాపు చేసిచ్చాడు. హెడ్‌లైటు ఏ బండిదో అమ్మినవాడికీ తెలీదు. ట్యాంకు సొట్టను లోపలినుంచి కర్రతో కొట్టి బయటికి తెచ్చాను. అది తేలిగ్గా రాలేదు, పక్కన ఇంకో చిన్న సొట్టను కని మరీ వచ్చింది. సీటు మాత్రం నేనే కుట్టాను. రెగ్జిను ముక్కలు అతికి, అంచుకు రెండు వరసల కుట్టు వేశాను. మీ నాన్నగారు చేత్తో తడిమి చూసి, "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" కోసం నేను ఆరేళ్లు ఆగాను.

తడిమి చూసి అన్నాను కదా. అసలు రాయాల్సింది అక్కడే ఉంది.

ఇంజిన్లో ఆయిలు తనే పోస్తానన్నాడు. డబ్బా ఎత్తి, మూతి పక్కన, ఇంజిన్ మీద ధారగా పోసేశాడు. "మామయ్యగారూ, బయట పోస్తున్నారు" అంటే, "నాకు తెలుసు, ముందు కడుగుతున్నా" అన్నాడు. ఆయిలుతో ఎవరైనా కడుగుతారా? ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. నేల మీద పక్కగా పడ్డ నట్టు ఆయనకు కనపడదు. ఎదురుగా పట్టుకుంటే కనపడుతుంది. బోల్టు బిగించేటప్పుడు కళ్లు మూసుకుని వేళ్లతో వెతుక్కుంటాడు. గుమ్మం దాటేటప్పుడు భుజం తగులుతుంది, గుమ్మాన్ని తిడతాడు.

వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు వెళ్లి అడిగాను. "కుక్కా లేదు, నక్కా లేదండీ. రోడ్డు పక్కన అంత ఇసుక కుప్ప ఉంది. అంచు వెంట వస్తూ దాన్ని ఎక్కేశాడు. అసలు దాన్ని చూసినట్టే లేడు" అన్నాడు.

ఇంటికొచ్చి, తలుపు వేసి, ముందు కూర్చున్నాను. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏది?"

"మామయ్యగారూ."

స్పానర్ తుడిచి పక్కన పెట్టాడు. "గొట్టంలోంచి చూసినట్టుంటుంది. ఎదురుగా ఉన్నది ఉంటుంది. పక్కలు లేవు" అన్నాడు. డాక్టరుకు చూపించుకుందామన్నాను. లేచాడు. "చూపించుకుంటే పేరు పెడతాడు. పేరు పెడితే మా అమ్మాయికి తెలుస్తుంది. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు ఒకసారి వచ్చిన సీటు వదులుకుంది. ఇప్పుడు మళ్లీ పెట్టె సర్దుకుని వచ్చేస్తుంది. చెప్పావంటే ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను."

నువ్వు వచ్చేస్తావని నాకూ తెలుసు. ఆ తానులో ముక్కవే కదా నువ్వూ.

బండేమో దాదాపు తయారైపోయింది. ఇక క్లచ్ కేబుల్ వేస్తే చాలు. అది వేస్తే ఆయన ఎక్కుతాడు. ఎక్కితే ఈసారి పక్కన ఇసుకే ఉంటుందని రాసిపెట్టి లేదు, బడి నుంచి వచ్చే పిల్లలు ఉండొచ్చు. అందుకని నేను నోటికొచ్చిన అబద్ధం ఆడాను. ఈ మోడలుకు కేబుల్ ఎక్కడా దొరకలేదన్నాను. కేబుల్ ఇక్కడే, నేను రాస్తున్న ఈ బల్ల సొరుగులో, గుండీల డబ్బా కింద ఉంది. రోజూ సాయంత్రం "దొరికిందా?" అంటాడు. "లేదండీ" అంటాను. ఆయన ఇంకో రెండు తిట్లు తిడతాడు. తిట్టించుకుంటున్నది ఆయన ప్రాణం కోసమేనని చెప్పుకునే వీలు కూడా లేకపాయె.

నీకు రాయకూడదనే అనుకున్నాను. చెబితే ఆయన క్షమించడు. చెప్పకపోతే నువ్వు క్షమించవు. మధ్యలో నా బతుకు మింగలేక కక్కలేక ఉంది. ఆయన కన్నా నువ్వే నాతో ఎక్కువ కాలం ఉండాలి కాబట్టి నీకు రాస్తున్నాను. చదివి, కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు ఆలోచించు. పెట్టె మాత్రం కిందికి దించకు.

నీ
వాడే

అమ్మాయికి,

మీ నాన్న దీవించి రాయించేది. రాస్తున్నది సూదిదారం. (బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు. వాటిని ఆయనకు చదివి వినిపించను.)

నిన్న ఫోన్లో సామాను సర్దేశానన్నావు. "ఉత్తరం వచ్చేదాకా కదలకు" అని పెట్టేశాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను మాట్లాడలేను. ఉత్తరంలో అయితే నువ్వెంత ఏడ్చినా నా మాట పూర్తవుతుంది. కళ్లు సరిగ్గా ఉంటే నేనే రాసేవాణ్ని. లేవు. నేనే చెబుతున్నాను కాబట్టి ఇక ఎవరూ ఎవరి దగ్గరా దాచేది లేదు.

నీ మొగుడు నీకు రాసిన సంగతి ఆ రోజే తెలిసింది. వీడు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి, ఎదురుగా ఉన్నవి నాకింకా కనపడతాయి. (నిజమే అనుకుంటా, ఇప్పుడూ మండుతున్నాయి.) కేబుల్ సంగతి ఆ తర్వాత బయటపడింది. నట్టు కోసం విడిభాగాల కొట్టుకు నడిచి వెళ్లాను. కొట్టువాడు, "మీ అల్లుడుగారు కేబుల్ తీసుకెళ్లి చాలా రోజులైందే, సరిపోలేదా?" అన్నాడు.

(ఆయన నేరుగా షాపుకు వచ్చాడు. నేను ఒకాయన నడుము కొలుస్తున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ మనిషి వెళ్లేదాకా ఆగి, "సొరుగు తియ్యి" అన్నాడు. తీశాను. ఇక అయిపోయాననుకున్నాను. కేబుల్ చేతిలోకి తీసుకుని, చుట్ట విప్పి, మళ్లీ చుట్టి, అప్పుడు ఆయన అన్నది నేను జన్మలో మరిచిపోను. అది ఆయన చేతే చెప్పిస్తాను.)

ఏం గీకుతున్నావు అంతసేపు? సరే. అమ్మాయీ, ఆ రోజు షాపులో వీడికి చెప్పిందే నీకూ చెబుతున్నాను, విను. బండి తయారైతే నేను ఎక్కాలి. ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదని అడుగుతారు. ఎక్కితే ఏమవుతుందో నాకన్నా తెలిసినవాడు ఎవడు? ముప్పై ఏళ్లు నా వెనక యాభై మందిని కూర్చోబెట్టుకుని నడిపినవాణ్ని. ఆ ఇసుక కుప్ప మీద పడినప్పుడు మోకాలి నొప్పి కాదు నాకు, ఇక్కడ ఇసుక బదులు మనిషి ఉంటేనో అన్న భయం. అది నోటికి రాక కుక్కన్నాను. బండి బాగుచేద్దామని నేనే గొడవ చేశాను, తీరా అది బాగుపడుతుంటే గుండెల్లో రాయి పడింది. రోజూ వీణ్ని "దొరికిందా?" అని అడిగేవాణ్ని. లేదు అన్నప్పుడల్లా పైకి తిట్టి, లోపల హమ్మయ్య అనుకునేవాణ్ని.

(ఇద్దరం ఒకే అబద్ధం నీడన కూర్చున్నాం, ఒకరికొకరం చెప్పుకోకుండా! నేను పడ్డ తిట్లన్నీ వృథా. ఆ మాట అంటే, "వృథా ఎందుకవుతుంది, వేరే వాటికి జమ చేసుకో" అన్నాడు.)

కేబుల్ నేనే వేశాను. రెండు కిక్కులకే అందుకుంది. తాళంచెవి వీడి చేతిలో పెట్టాను. భయపడ్డాడు. (భయపడలేదు. ఆలోచించాను.) ఊరి బయట ఖాళీ మైదానంలో నేర్పుతున్నాను. వీడికి క్లచ్ వదలడం రాదు. బండి కప్పలా గెంతుతుంది. కానీ కాలితో మిషను తొక్కేవాడు కదా, ఒకసారి పట్టు దొరికాక బ్రేకు మాత్రం పట్టు గుడ్డ మీద కాలు వేసినట్టు వేస్తాడు. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లలో వీడే మొద్దు. వీడే జాగ్రత్తపరుడు.

కళ్ల డాక్టరు దగ్గరకు ఆ బండి మీదే వెళ్లాం. నేను వెనక కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి. నాలుగు రోడ్ల దగ్గర కళ్లు మూసుకున్నాను. (నా భుజం పట్టుకున్న చోట చొక్కా కుట్టు ఊడింది.) డాక్టరు పేరు పెట్టాడు, నువ్వు చదివే పుస్తకాల్లో ఉంటుందిలే. పోయిన చూపు తిరిగి రాదట. ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు ఇచ్చాడు, పొద్దున, సాయంత్రం. మరచిపోకుండా వేస్తే చాలాకాలం ఉంటుందన్నాడు. ఇంకా ముందే రావాల్సిందని కూడా తిట్టాడు. తిట్టించుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వస్తే ఏం చేస్తావు? చుక్కలు వేస్తావు. అది వీడు వేస్తున్నాడు. సూదిలో దారం ఎక్కించే చెయ్యి, గురి తప్పదు. కాబట్టి నువ్వు రావాల్సిన పని లేదు. మీ అమ్మకు చేయడం కోసం ఒకసారి వచ్చిన సీటు వదులుకున్నావు. అప్పుడు నేను అడ్డుపడలేదు, నాకు చేతకాలేదు. ఇప్పుడు అడ్డుపడుతున్నాను. పెట్టె విప్పి బట్టలు మళ్లీ అలమరలో పెట్టు. పరీక్షలు రాసి, పాసై, అప్పుడు రా. ఫెయిలయితే మాత్రం రావద్దు.

మీ నాన్న

(సంతకం తనే పెడతానన్నాడు. ఆ గీత కాగితం దాటి నా బల్ల మీదికి పోయింది. బల్ల మీదిది తుడవలేదు.

నేను చెప్పాల్సింది కొంచెమే. నువ్వు రావాలనుకుంటే రా, అది నీ ఇష్టం. ఈసారి ఎవరూ నిన్ను అడగకుండా నిర్ణయించకూడదు, ఆయనైనా, నేనైనా. కానీ నన్నడిగితే, ఉండిపో. ఇక్కడ మాకు గడుస్తోంది. రోజుకు మూడు పూటలా పోట్లాడుకుంటున్నాం, వేళకు చుక్కలు పడుతున్నాయి.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ, మైదానానికి ఆలస్యమవుతోందట. బయట బండి మీద వెనక సీట్లో ఎక్కి కూర్చుని, ముందుకు వంగి హారన్ నొక్కుతున్నాడు. పెట్టిన చెయ్యి తియ్యడం లేదు. వీధిలో తలుపులన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. పాలవాడు కూడా ఆగి నా వైపే చూస్తున్నాడు. వెళ్తున్నాను, వెళ్లకపోతే ఆపడు.

నీ
ఆయన)