మూడు ప్లస్సులు

అక్కా, ఈ సాయంత్రం నీ జ్ఞాపకార్థ కూడిక. నీ గురించి రెండు మాటలు చెప్పమన్నారు పాస్టరు గారు. పగలంతా ఏలూరు ల్యాబులోనే ఉన్నాను, నీ రిపోర్టు టైపు చేసిన కుర్చీలోనే.

నాలుగేళ్ల కిందట నీ రొమ్ము గడ్డలో హెర్‌టూ అనే ప్రోటీను మూడు ప్లస్సులని, అంటే బాగా ఎక్కువని వచ్చింది. తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరువి కదా, "మైనస్సులు కావుగా, నయమే" అని నవ్వావు. జబ్బు త్వరగా ముదురుతుందనడానికి అది గుర్తని నాకు తెలుసు. "డాక్టరు గారు చెప్తార్లే" అని కవరు నీ చేతిలో పెట్టాను. ఏడాది తిరక్కుండానే పోయావు.

ఇప్పుడు ఆ గుర్తునే వెతికి పట్టుకుని, ఒంట్లోని రక్షణ కణాలను దాని మీదికి పిలిచే ఇంజెక్షను మన డాక్టరు గారూ రాస్తున్నారు. ప్లస్సులున్న వాళ్లకే అది పనిచేస్తుందట. ఆ సంగతి విన్న రోజు నాకు సంతోషం కలగలేదు, నీకు అప్పుడు అందలేదని కోపమొచ్చింది.

ఇవాళ కలిదిండి నుంచి ఒకావిడ భర్తతో వచ్చింది. జబ్బు లివరు దాకా పాకింది. మిగతా మందులన్నీ వాడి చూశారు, ఆ ఇంజెక్షను ఒక్కటే మిగిలింది. ఆవిడ రిపోర్టులో ప్లస్సులుండాల్సిన చోట సున్నా అని పొద్దున నేనే టైపు చేశాను.

కాగితం చూసి ఆవిడ మొహం విప్పారింది. "సున్నా అంటే ఏం లేనట్టేనాండీ?" అని అడిగింది.

నాలుగేళ్లయినా నాకు ఇంకో మాట రాలేదక్కా. "డాక్టరు గారు చెప్తారండీ" అని కవరు ఆవిడ చేతిలో పెట్టాను.