ఆరో లిల్లీ

స్నెజానా,

నీ ముఖం చూడబుద్ధి కాక, ఈ కాగితం నీ తలుపు కిందనుంచి తోస్తున్నాను.

నిన్న నా పుట్టినరోజుకి ఆరు లిల్లీ పువ్వులు పట్టుకొచ్చావు. మన దేశంలో సరిసంఖ్యలో పువ్వులు సమాధికే తీసుకెళ్తారని పసిపిల్లకైనా తెలుసు. అడిగితే, “కొన్నది ఏడే వదినా, ఒకటి కారు తలుపులో పడి నలిగింది” అని నవ్వావు. చుట్టాలందరి ముందూ నన్ను బతికుండగానే పాతిపెట్టి, పైగా ఇకిలింపులు!

నువ్వు అటు వెళ్లగానే ఒకటి తీసేసి అయిదు చేశాను. తీసినదాన్ని కిటికీ గట్టు మీద పెట్టాను. మా పిల్లి పిసానా దాన్ని కాస్తా నమిలేసింది. తెల్లారేసరికి ఒకటే వాంతులు. పాలు ముట్టలేదు, పిలిస్తే తలెత్తలేదు.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. లిల్లీ పిల్లులకు విషమట. కిడ్నీలు దెబ్బతిన్నాయి, నా వల్ల కాదు, సోఫియా నగరంలో పిల్లుల కిడ్నీలు చూసే పెద్ద డాక్టరున్నాడు, ఇవాళే తీసుకెళ్లు అంది. “ఆ పువ్వు కిటికీలో ఎవరు పెట్టారు?” అని అడిగింది. మా మరదలు తెచ్చిందని చెప్పాను. “తెచ్చింది ఎవరని కాదమ్మా నేనడిగింది” అంది. ఆవిడా నీలాంటిదే.

మన ఇంట్లో కారు నడపడం వచ్చింది నీ ఒక్కదానికే. అది నా ఖర్మ. ఇది చదవగానే కారు తియ్యి. పిల్లిని శాలువాలో చుట్టుకుని నీ తలుపు ముందే, మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

దారిలో నాతో మాట్లాడకు. ఉండబట్టలేకపోతే పిసానాతో మాట్లాడు. దానికి నీ మీద కోపం లేదు.

నీ ఆడపడుచు