కర్చీఫ్ వేసిన సీటు

కాపెల్,
శుక్రవారం సాయంత్రం

నా బంగారుతల్లి ఉషకి,

మన నైనికకి స్నేహితురాలు దొరికిందే తల్లీ! కనబడే స్నేహితురాలు! రెండు జడలు, ముందు పన్ను ఊడిన పిల్ల, పేరు ఇషిత. ఫోన్‌లో చెబుదామంటే ఆ బాతెల్ ఊరి ఆఫీసులో నీకు ఎప్పుడూ మీటింగే. అందుకే కాగితం తీసుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో, మీ నాన్న చదివింది ఏడో తరగతే.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఇక్కడికి మారాక పిల్ల బడిలో ఎవరితోనూ మాట్లాడటం లేదని బెంగపడుతూనే ట్రైనింగ్‌కి వెళ్లావు కదా. ఇంట్లో మాత్రం దాని నోరు ఆగేది కాదు. గరాజ్‌లో కుర్చీలు వరసగా వేసి బస్సు నడిపేది. చంద్రుడి దాకా సర్వీసు! చుక్కి అని ఎవరికీ కనబడని పిల్ల ఒకతి ఉంది, అది దీని పక్కనే కూర్చోవాలి. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి, ఊరుకుంటానా? విజిల్ వేశాను, టిక్కెట్లు చింపాను, "కర్చీఫ్ వేస్తే ఆ సీటు మనదేనమ్మా, ఇంకెవరూ కూర్చోరు" అని నేర్పాను.

అది స్కూలు బస్సులోనూ వేస్తోంది! సోమవారం దాన్ని ఎక్కించి, బస్సు కిటికీలోంచి చూశాను. పక్క సీటు మీద నా నీలం గళ్ల కర్చీఫ్. పిల్లలు రావడం, దాన్ని చూడటం, వెనక్కి వెళ్లిపోవడం. నా ప్రాణం ఉసూరుమంది. మర్నాడు "ఈ ఒక్కరోజు వద్దురా కన్నా" అని బతిమాలితే, "మరి చుక్కి నించోవాలా తాతయ్యా?" అంది. పిల్లని నా చేతులతో నేనే ఒంటరిని చేశానని నీకు చెప్పే ధైర్యం లేక నాలుగు రోజులు అన్నం సహించలేదు. "బీపీ చూపిద్దామా మామయ్యగారూ" అని అల్లుడు ఒకటే గొడవ.

ఇవాళ బస్సు దిగుతూనే కేకలు! పొద్దున ఇషిత వచ్చి "ఈ సీట్ ఎవరికి?" అని అడిగిందట. "చుక్కికి. యు కాంట్ సీ హర్" అందట మనది. "మా అమ్మమ్మ కూడా ఇండియాలో బస్‌లో ఇలాగే కర్చీఫ్ వేస్తుంది" అంటూ ఆ పిల్ల దాన్ని తీసి, మడతపెట్టి, మనదాని చేతికిచ్చి, "చుక్కిని నా ల్యాప్‌లో కూర్చోమను" అని కూర్చుందట! అంత సర్వీసు చేసిన నాకు తట్టలేదే ఈ ఉపాయం!

ఇందాక ఇషితని వాళ్లమ్మ మనింటికి తీసుకొచ్చి దింపింది. ఇద్దరూ గరాజ్‌లోనే ఉన్నారు. విజిల్ లాగేసుకుని నన్ను వెనక సీటుకి పంపేశారు. కర్చీఫ్ నాకే తిరిగొచ్చింది, కళ్లు తుడుచుకోవడానికి.

నువ్వు ముందు శశికాంత్ అన్నయ్య దగ్గరున్న మీ అమ్మకి చెప్పు. "పిల్లకి మీ బస్సు గోల నేర్పకండి" అని ఆవిడ ముందే అన్న సంగతి మాత్రం ఎత్తకు. తర్వాత అన్నయ్యకి, మీ అత్తగారికి, కనకదుర్గ పిన్నికి, పిన్ని ఎలాగూ చెబుతుంది గానీ రాధారాణి అత్తకి కూడా. చుక్కికి చెప్పక్కర్లేదు. ఇషిత ఒళ్లో కూర్చుని అంతా విన్నదట.

ఆనందం పట్టలేని మీ నాన్న,
అంజయ్య