గోడ వెనక మనిషి

ఆగస్టు 8, 2004. ఆదివారం రాత్రి.

మా ఆయనకు ఇవాళ బొగ్గుగనిలో సెలవు. ఖమ్మం బస్టాండులో కొన్న దయ్యాల నవల మధ్యాహ్నం ఆయనకు చివరిదాకా చదివి వినిపించాను. పాడుబడ్డ బంగళాలో గోడలోంచి ఎవరో కొడుతున్న చప్పుడు వస్తుంటుంది. దయ్యమని అందరూ పారిపోతారు. చివరికి చూస్తే దయ్యమే లేదు. బతికున్న మనిషిని లోపల పెట్టి గోడ కట్టేశారు.

భలే మలుపు అని నేను నవ్వాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఆ రోజు బాయిల కప్పు కూలినంక నాక్కూడ గట్లనే చప్పుడు ఇనవడ్డది. రాళ్లు జారుతున్న చప్పుడని చెప్పి అందర్ని బయటికి తీస్కొచ్చిన. కొడుతున్నది రాజన్నేనని నాకు ఎర్కే."

"మరి ఎందుకు చెప్పలే?"

"కప్పు ఇంకా ఇరుగుతుండె. పానం మీద తీపి."

రాజన్న పోయి రెండేళ్లు. రాజన్న భార్య సారక్కది మా పక్క క్వార్టరే. సాయంత్రం వచ్చి, "చదువుడు అయ్యిందా చెల్లె? నాకియ్యి" అని చేయి చాపింది. ఇంకా కాలేదని అబద్ధమాడాను. ఆయన లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

పుస్తకాన్ని బియ్యం డబ్బాలో దాచాను. పొద్దున ఐదింటికి నల్లా వస్తుంది. సారక్క, నేను అక్కడ పక్కపక్కనే బిందెలు పెడతాం.