వెనక మెట్లమీది కరపత్రాలు

అమ్మా, మా ప్రెస్సులో మంటలు లేచాయని ఎవరైనా చెబితే హడలిపోకు, నాకు చెయ్యి కూడా కాలలేదు.

అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలో చెప్పే కరపత్రాలు పదివేలు అచ్చువేశాం. బయటికి వెళ్లే దారికి ఏదీ అడ్డం పెట్టకండి అన్నదే అందులో మొదటి మాట. ఆ కట్టలే తెచ్చి వెనక మెట్ల నిండా పేర్చాం! పేర్చమన్న యజమానిని నాలుగు దులుపుదామంటే, సిగ్గులేకుండా మోసింది నేనే. మా గదులు ఊడ్చే ముసలావిడను అందరం పెద్దమ్మ అంటాం. ఆవిడకు చదువు రాదు. "ఏం రాశార్రా ఇందులో?" అంటే, నాకొచ్చిన కాస్త చదువుతోనే కూడబలుక్కుంటూ చదివి వినిపించాను.

"మరి మెట్లు చదువుకుంటాయనా ఇక్కడ పెట్టారు? తియ్యి ముందు!" అని చీపురు ఎత్తింది.

గొణుక్కుంటూనే అన్నీ తీశాను. మర్నాడు మధ్యాహ్నం ముందు గదిలో కాగితాలు అంటుకున్నాయి. పదకొండు మందిమీ ఆ మెట్లమీదుగానే దిగి బతికాం.

మన పెరటి తలుపుకు అడ్డంగా నా ట్రంకుపెట్టె ఉంది కదా, ఈ కార్డు అందిన రోజే తీయించు. నాన్న రేపు చూద్దాంలే అంటే ఊరుకోకు. చెల్లి దగ్గు తగ్గిందా? రాయించు.

ఇకమీదట దీవించేటప్పుడు ముందు ఆ పెద్దమ్మను దీవించు, తర్వాత నన్ను.

నీ కొడుకు